మధ్యలో పుట్టిన ఫ్రేము

మద్దిలపాలెం బస్ డిపో వెనక సందులో నా బ్లౌజుల కొట్టుకీ సూర్యకళ వీడియో మిక్సింగ్ కొట్టుకీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. అటు ఆమె దగ్గితే ఇటు నాకు వినబడుతుంది. ఇటు నేను కస్టమరుతో పేచీ పెట్టుకుంటే అటు నుంచి ఆమె నవ్వుతుంది. ఏళ్ళ తరబడి అలా పక్కపక్కనే బతికాం కాబట్టి ఆమె గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను. జాలరిపేటలో ఇప్పుడు ఆమె గురించి చెప్పుకునేవి వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దొంగ బొమ్మ తయారుచేసిందని కొందరు, అసలు బొమ్మ దాచేసిందని కొందరు. రెండూ అబద్ధాలే. జరిగింది వేరు, అది ఈ రెండిటికన్నా పాడు.

సూర్యకళ పుట్టింది జాలరిపేటలోనే. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. కూతురు మాత్రం పదో తరగతి అవగానే ఒక ఫోటో స్టూడియోలో చేరిపోయింది. చేపల వాసన పడక కాదు, ఎండ పడక అని ఆమే చెబుతుంది. అప్పట్లో పెళ్ళిళ్ళు క్యాసెట్ల మీద ఉండేవి. తర్వాత సీడీలొచ్చాయి, ఆ తర్వాత డీవీడీలు. పెళ్ళికూతురి ముఖాన్ని గులాబీ పువ్వులోంచి పుట్టించడం, తాళి కట్టే వేళకి ఆకాశం నుంచి పూలు రాల్చడం ఆమెకి కొట్టిన పిండి. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఏసీ కొట్లు పెట్టుకున్నారు. ఈవిడ ఆ సందులోనే ఉండిపోయింది. ఎవరి మాటా పడదు, ఎవరినీ పొగడదు. అలాంటి మనిషి పైకెలా వస్తుంది.

ఈమధ్య ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళంతా పాత డిస్కులవాళ్ళే. కొత్త ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే ట్రేలు లేవు. ఇళ్ళల్లో ప్లేయర్లు ఎప్పుడో మూలపడ్డాయి. జనం బీరువాల్లోంచి పెళ్ళి డీవీడీలు తీసి, ఫోనులోకి ఎక్కించమని పట్టుకొస్తారు. ఆ డిస్కుని చీర కొంగుతో గుండ్రంగా తుడిచి మరీ ఇస్తారు. దాంతో ఆవిడకి కోపం నషాళానికి అంటుతుంది. గుండ్రంగా తుడిస్తే గీత కూడా గుండ్రంగానే పడుతుందట, అలాంటి గీత పడితే ఇక ఆ ముక్క చదవడం కష్టమట. మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవాలని అందరికీ చెవినిల్లు కట్టుకుని చెబుతుంది. ఒక్కరూ వినరు.

వచ్చినవాళ్ళకి పాఠం చెప్పకుండా పంపడం ఆమెకి చేతకాదు. డిస్కులో వీడియో మడత పెట్టి ఉంటుందనీ, ఆ మడత విప్పడం తెలిసినదాన్నే కోడెక్ అంటారనీ, అది కంప్యూటర్లో లేకపోతే మాట వినిపిస్తుంది గానీ బొమ్మ కనపడదనీ నాకు కూడా ఆమే చెప్పింది. ఫ్రేమ్ రేటు గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పేది.

"కదుల్తన్నాది అనుకుంటన్నావేటి? ఏటీ కదల్దు. అన్నీ ఆగిపోయిన బొమ్మలే. సెకనులో పాతిక బొమ్మలు నీ కంటి ముందునుంచి ఎలిపోతాయి. మధ్యలో ఖాళీ నీకు తెలీకండా నీ బుర్రే నింపుకుంటాది."

ఆమెకి ఒక పట్టుదల ఉండేది. తన కొట్టు నుంచి వెళ్ళే వీడియోలో కుదుపు కనపడకూడదు. కెమెరావాడు తడబడినా, డిస్కు మీద గీత పడి కొన్ని బొమ్మలు పోయినా, కస్టమరుకి ఆ సంగతి తెలియకూడదు. అందుకు ఆమె దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ముందు బొమ్మనీ తర్వాతి బొమ్మనీ దానికిస్తే, మధ్యలో ఏం జరిగి ఉంటుందో అదే ఊహించి, కావలసినన్ని బొమ్మలు పుట్టిస్తుంది. దానికేదో నోరు తిరగని ఇంగ్లీషు పేరుంది. ఈమె 'ఫ్రేము నింపడం' అనేది.

ఒకసారి పెళ్ళి వీడియోలో తలంబ్రాల దగ్గర ముక్క పాడైపోతే అలాగే నింపింది. చూస్తే ఎక్కడా అతుకు తెలియలేదు. నేను సరదాకి స్పేస్ బటన్ నొక్కి బొమ్మ ఆపాను. ఆగిన బొమ్మలో పెళ్ళికూతురి చేతికి ఆరు వేళ్ళున్నాయి. పక్కనున్న ముసలావిడ ముఖంలో నోరు రెండు చోట్ల ఉంది. ఇదేమిటని అడిగితే సూర్యకళ నవ్వింది.

"ఆపితే కదా కనపడతాది గౌరక్కా. పెళ్ళి వీడియో ఎవలు ఆపుతారు?"

ఆ కుటుంబం వీడియో చూసి మెచ్చుకుని వెళ్ళింది. తర్వాత ఆ పెళ్ళికూతురే వచ్చి, తలంబ్రాలు పోసేటప్పుడు మావారు ఎలా నవ్వారో చూశారా అని నాతో మురిసిపోయింది. ఆ నవ్వు ఏ కెమెరాలోనూ లేదు. సూర్యకళ యంత్రం పుట్టించినది. ఆ పిల్లకి మాత్రం అది గుర్తుండిపోయింది. నాకు ఎందుకో అది మంచిగా అనిపించలేదు. కానీ నేను బ్లౌజులు కుట్టుకునేదాన్ని, నాకెందుకులే అని ఊరుకున్నాను.

వేసవి వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగిన రోజుల్లో అర్జునరావు చచ్చిపోయాడు. అతను ఫిషింగ్ హార్బర్లో ఒక మరబోటుకి సరంగు, అంటే నడిపేవాడు. చీకటి పడే వేళ బోటులోకి ఐసు ట్రేలు ఎక్కిస్తూ, బోట్లు కట్టే జెట్టీ అంచు మీంచి బోటుకీ గోడకీ మధ్య పడ్డాడు. అల బోటుని గోడకి కొట్టింది. పైకి తీసేసరికి ప్రాణం లేదు. అప్పుడు అతని వెనక ఉన్నది ఒక్కడే, కన్నబాబు. అదే బోటులో కళాసీ, అంటే సరంగు కింద పనివాడు, అర్జునరావు భార్య సీతాలుకి సొంత తమ్ముడు.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. పేట మాత్రం అలా రాసుకోలేదు. కారణం, ఆ వారంలోనే బావా బామ్మర్దులకి పెద్ద గొడవైంది. కన్నబాబు ఈ బోటు వదిలేసి వేరే బోటులోకి మారతానన్నాడు. అర్జునరావు అతన్ని హార్బర్లో పదిమందిలో నిలబెట్టి, నా చేతి కింద పని నేర్చుకుని నా మీదే లేస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టాడు. కన్నబాబు తిరిగి ఒక్క మాట అనలేదట. అనకపోవడమే ఇప్పుడు తప్పయింది. లోపల పెట్టుకున్నాడు అన్నారు.

అర్జునరావు తల్లి ఆదిలక్ష్మమ్మ మొదటి రోజు నుంచీ అదే మాట మీద ఉంది. నా కొడుకు పుట్టినప్పటినుంచి ఆ అంచుల మీదే నడిచాడు, జారేవాడు కాదు అంది. కన్నబాబు మాత్రం అడిగిన ప్రతివాడికీ ఒకటే చెప్పాడు. బావకి కాలు జారింది, పట్టుకుందామని చెయ్యి చాపాను, అందలేదు. ఈ మాట నేను ఇక్కడ గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఇది ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

మధ్యలో నలిగిపోయింది సీతాలు. మొగుడు పోయిన దుఃఖం ఒకపక్క, తమ్ముడి మీద నింద ఒకపక్క. తమ్ముడు హంతకుడైతే ఆమె ఆ ఇంట్లో అత్తతో కలిసి ఎలా ఉంటుంది. కాకపోతే, కాదని అత్తకి ఎవరు చెబుతారు. అలాంటప్పుడు ఎవరో చెప్పారు, జెట్టీకి ఎదురుగా ఉన్న ఐసు ఫ్యాక్టరీ గోడ మీద సీసీ కెమెరా ఉందని. ఆమె వెళ్ళి ఓనరు కాళ్ళా వేళ్ళా పడింది. ఆయన రికార్డరు పాతకాలంది. దాన్నుంచి ఫోనుకి పంపడం కుదరదు, డీవీడీ మీదే ఎక్కుతుంది. అలా ఎక్కించి ఇచ్చాడు. పక్కింటి పాత ప్లేయర్లో పెడితే డిస్కు సరిగా లేదని చూపించింది. దాంతో సీతాలు ఆ డిస్కుని జాకెట్లో దాచుకుని సూర్యకళ దగ్గరికి వచ్చింది. ఇద్దరూ ఒకే వీధిలో గచ్చకాయలాడుకున్న పిల్లలు.

ఆ మధ్యాహ్నం నేను కూడా ఆ కొట్లోనే ఉన్నాను. పని లేక కాదు, చూడాలనిపించి. డిస్కు తిరిగింది, కోడెక్ వెతికి పెట్టాక బొమ్మ వచ్చింది. సూర్యకళ ముఖం చిట్లించింది. ఎక్కువ రోజుల రికార్డింగు పట్టాలని ఆ ఓనరు ఫ్రేమ్ రేటు బాగా తగ్గించేసుకున్నాడు. సెకనుకి ఒక్క బొమ్మే. మనుషులు నడవడం లేదు, ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నారు.

అసలైన చోటు వచ్చింది. ఒక బొమ్మలో అర్జునరావు జెట్టీ అంచున ట్రే పట్టుకుని ఉన్నాడు, కన్నబాబు అతనికి నాలుగడుగులు వెనక. తర్వాతి బొమ్మలో అర్జునరావు సగం ఒరిగిపోయి ఉన్నాడు, కన్నబాబు దగ్గరికొచ్చి చెయ్యి ముందుకి చాపి ఉన్నాడు. ఆ తర్వాతి బొమ్మలో కన్నబాబు ఒక్కడే. అంతే. మొగుడి చావు మూడు బొమ్మల్లో అయిపోయింది. సీతాలు ఏడ్చింది, కానీ ఆ ఏడుపులో ఒక తేలిక కూడా ఉంది. తమ్ముడి చెయ్యి ఖాళీగా గాలిలో ఉంది. పట్టుకోబోయాడు, అందలేదు. వాడు చెప్పినట్టే.

"మా అత్తకి సూపు ఆనదు సూర్యా. ఇది సూత్తే కళ్ళు తిరిగిపోతాయి. పెళ్ళి వీడియోనాగ నిదానంగా నడిసీటట్టు సేసిస్తావా?"

సూర్యకళ అలాగేనంది. అడగకపోయినా చేసేదే. అంత కుదుపున్న వీడియో తన కొట్టు నుంచి బయటికి వెళ్ళడం ఆమె ఒప్పుకోదు. పైగా చిన్ననాటి స్నేహితురాలు, కష్టంలో ఉంది, తనకి చేతనైన సాయం ఇదొక్కటే. ఫ్రేములు నింపమని పెట్టి, మేం ముగ్గురం బయటికెళ్ళి టీ తాగొచ్చాం. వచ్చేసరికి అయిపోయింది. ఒకసారి నడిపి చూసింది. బొమ్మ నీళ్ళలో చేపలా సాఫీగా కదిలింది. అర్జునరావు మెల్లగా ఒరిగాడు, కన్నబాబు మెల్లగా ముందుకొచ్చాడు. ఆమె తృప్తిగా తలాడించి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఎక్కడా ఆపి చూడలేదు.

మర్నాడు పొద్దున్న ఆదిలక్ష్మమ్మ ఇంట్లో టీవీకి ఆ పెన్ డ్రైవ్ తగిలించారు. సూర్యకళ రమ్మంటే నేనూ వెళ్ళాను. గదిలో పేట పెద్దలు నలుగురైదుగురు, గుమ్మం బయట ఆడవాళ్ళు. కన్నబాబు రాలేదు. ఎండు చేపల వాసనా అగరొత్తుల వాసనా కలిసి ఊపిరాడనివ్వలేదు. ముసలావిడ టీవీకి జానెడు దూరంలో పీట వేసుకుని కూర్చుంది. మొదటిసారి చూసి, రెండోసారి పెట్టమంది. ఇద్దరూ దగ్గరయ్యే చోట ఆపమంది.

రిమోటు సీతాలు చేతిలో ఉంది. ఆమే ఆపింది.

ఆ బొమ్మలో కన్నబాబు అరచెయ్యి అర్జునరావు వీపు మీద ఉంది. మీద ఉంది అనడం కూడా తక్కువే. వేళ్ళు చొక్కాలోకి దిగిపోయి ఉన్నాయి. చెయ్యి ఎక్కడ అయిపోయిందో చొక్కా ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. చొక్కా ఆ వేళ్ళ చుట్టూ ముడత పడింది. అర్జునరావు ఇంకా నిటారుగానే ఉన్నాడు, పడడం మొదలవలేదు. ఎవరికైనా ఏమనిపిస్తుంది. నాకూ ఒక్క క్షణం అదే అనిపించింది.

ఆదిలక్ష్మమ్మ చెయ్యి చాపి టీవీ మీద ఆ చేతిని తడిమింది. సీతాలు రిమోటు కింద పెట్టేసి గోడకి ఒరిగిపోయింది.

ముందు తేరుకున్నది సూర్యకళే. ఈ బొమ్మ కెమెరా తీసింది కాదు, నా కంప్యూటర్ పుట్టించింది, ముందుదీ వెనకదీ చూసి మధ్యలో ఇలా ఉంటుందేమోనని అదే గీసుకుంది అని గబగబా చెప్పింది. పెద్దలు ఆమెని ఎగాదిగా చూశారు. నేను కూడా కల్పించుకున్నాను. నిప్పురవ్వ పడి చీరకి చిల్లు పడితే రఫ్ఫు చేస్తాం, ఆ దారం చీరలో కలిసిపోతుంది కానీ అది చీర నేసినవాడు వేసిన దారం కాదు, ఇదీ అంతే అన్నాను. ఒక పెద్దాయన నన్ను చూసి, నీదే ఊరమ్మా అని అడిగాడు. మీ పేట కాదు, ఆనందపురం అన్నాను. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

అసలు డిస్కు చూపిస్తాను రండని సూర్యకళ వాళ్ళని కొట్టుకి పిలిచింది. వచ్చారు. ఆటోల్లో, బళ్ళ మీద వచ్చి సందంతా నిండిపోయారు. ఆమె డిస్కు పెట్టి నడిపించింది. బొమ్మ కుదిపింది. నాలుగడుగుల దూరంలో ఉన్న కన్నబాబు చటుక్కున దగ్గరికొచ్చేశాడు. ఆదిలక్ష్మమ్మ దాన్ని రెండుసార్లు చూసి, సూర్యకళ వైపు తిరిగింది.

"ఇక్కడ కోసీసేవు గదే పిల్లా. నీ పనే అది గదా."

నిజమే, ఆమె పనే అది. పేటలో సగం పెళ్ళిళ్ళు ఆవిడే కోసి అతికింది. ఎవరి మొగుడు తాగి తూలాడో, ఏ అత్త ముఖం మాడ్చుకుందో అన్నీ తీసేసి అందంగా చేసిచ్చినందుకే వాళ్ళు ఇన్నాళ్ళూ మెచ్చుకున్నారు. ఇప్పుడు సాఫీగా ఉన్నది నిజమనీ, కుదుపున్నది కోసిందనీ అన్నారు. సీతాలు నీ స్నేహితురాలు కాబట్టి ఆమె తమ్ముణ్ణి కాపాడుతున్నావన్నారు. నేను మండిపడి నోరు పారేసుకున్నాను. లాభం లేకపోయింది. పెన్ డ్రైవ్‌లోంచి ఎవరో ఎక్కించుకున్న ఆ వీడియో అప్పటికే ఫోను నుంచి ఫోనుకి పేటంతా తిరిగేసింది.

ఆ రోజు నుంచి కన్నబాబుని ఏ బోటూ ఎక్కించుకోలేదు. అతను మాట్లాడితే ఎవరూ తిరిగి మాట్లాడలేదు. పెద్దలు తీర్పు చెప్పారు. వచ్చే ఆదివారం పొద్దున్న, తీరాన ఉన్న అమ్మవారి గుడి ముందు, తడిబట్టలతో అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, దాన్ని గుప్పిట్లో ఆర్పి ప్రమాణం చెయ్యాలి. సముద్రం మీద బతికేవాళ్ళు ఆ ప్రమాణాన్ని తేలిగ్గా తీసుకోరు. అబద్ధమాడినవాడికి తిరుగు ప్రయాణం ఉండదని నమ్మకం. కన్నబాబు అక్కడే సరేనన్నాడు. వెంటనే ఒప్పుకున్నాడు కాబట్టి సీతాలుకి మళ్ళీ కొంచెం ప్రాణం వచ్చింది. నాకూ వచ్చింది. ప్రమాణం అయిపోతే ఈ పీడ వదులుతుందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కన్నబాబు సూర్యకళ కొట్టుకి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మనిషి గుమ్మంలో నిలబడితే వెలుతురు తగ్గింది. అందరూ చూశారు, నేను చూడలేదు, చూపించు అక్కా అన్నాడు. సూర్యకళ అసలు డిస్కు చూపించింది. కుర్చీలో ముందుకి వంగి చూశాడు. ఇది కాదు, ఆ రెండోది అన్నాడు. అది తీసేశాను, అది అబద్ధం అంది ఆమె. అతను జేబులోంచి ఫోను తీశాడు. అతని దగ్గర ముందే ఉంది.

ఆ తర్వాత రోజూ వచ్చాడు. మా రెండు కొట్ల మధ్య మెట్టు మీద కూర్చుని అదే చూసేవాడు. అటు పేటలో అతనికి కూర్చునే చోటు లేదు, ఇక్కడ మేమిద్దరం వెళ్ళమనలేం. బొమ్మ వెళ్ళడం, ఆగడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. శబ్దం లేని వీడియో కాబట్టి అతని వేలు అద్దం మీద కొట్టే టకటక మాత్రమే నాకు మిషను దగ్గరికి వినిపించేది. చూస్తున్నంతసేపూ కుడి చెయ్యి తెరిచి మూస్తుండేవాడు. నాకు అతన్ని చూస్తే జాలి కంటే భయమే ఎక్కువ వేసేది, ఎందుకో అప్పుడు తెలియలేదు. బోబిన్‌లో దారం తెగినా లేచి మార్చకుండా అలాగే కూర్చుండిపోయేదాన్ని.

సూర్యకళ పని మానేసి అతని పక్కన కూర్చునేది. ఇదిగో ఈ బొమ్మ కెమెరాది, ఇది కెమెరాది, మధ్యలో ఉన్నవన్నీ నా యంత్రానివి అని ఒక్కొక్కటీ చూపించింది. పాత తలంబ్రాల వీడియో తెచ్చి ఆరు వేళ్ళు కూడా చూపించింది. అతను బుద్ధిగా విన్నాడు, తలాడించాడు. అలాగే అక్కా అన్నాడు. మళ్ళీ ఫోను నొక్కాడు. శుక్రవారం నాడు, తగిలిందేమో అక్కా అన్నాడు. తగల్లేదు, నువ్వే కదా అందలేదన్నావు అని ఆమె గట్టిగా అంది. అవునన్నాడు. శనివారం నాడు, బావ చొక్కా ఐసు నీళ్ళకి తడిసి చల్లగా ఉంది అన్నాడు. ఎవరితోనో కాదు, తన అరచేతితో అన్నట్టు అన్నాడు.

అప్పుడు సూర్యకళ భయపడిపోయింది. అతని చేతిలోంచి ఫోను లాక్కుని వీడియో తీసేసింది. అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కన్నా, ఇటు సూడు. ఈ వీడియో రాకముందు నీకు ఏటి గురుతుందో అది సెప్పు."

అతను నిజంగానే వెతుక్కున్నాడు, నేను చూస్తూనే ఉన్నాను.

"అది రాట్లేదక్కా. ఇదే వొత్తంది."

ఆదివారం పొద్దున్న ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గుడి ముందు ఇసకలో జనం గుండ్రంగా నిలబడ్డారు. పడవలు ఒడ్డునే ఉన్నాయి, ఆ పూట ఎవరూ వేటకి వెళ్ళలేదు. ఆదిలక్ష్మమ్మని ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. సీతాలు ఆమె దగ్గర కాకుండా ఇటు, తమ్ముడు వచ్చే వైపు నిలబడింది. అది అందరూ గమనించారు. ఆమె కూడా అందరూ గమనించాలనే నిలబడింది. నిన్నటి మాటలు సూర్యకళ ఆమెకి చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో, నాకు తెలియదు. తెల్లవారుతూనే ఇద్దరు పెద్దల్ని పట్టుకుని, వాడి మనసు బాగాలేదు, ఇవాళ వద్దు, వాయిదా వెయ్యండని మాత్రం బతిమాలింది. ప్రమాణానికి భయపడేవాడికే వాయిదా కావాలన్నారు.

కన్నబాబు సముద్రంలో మునిగి తడిబట్టలతో వచ్చాడు. అక్క దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. పూజారి తమలపాకు మీద కర్పూరం పెట్టి అతని కుడి అరచేతిలో ఉంచి వెలిగించాడు. ఏం చెప్పాలో ఒక పెద్దాయన చెప్పాడు. నేను తోయలేదు, తోసి ఉంటే అమ్మ నన్ను తీసుకుపోవాలి, అని చెప్పి గుప్పిట మూయాలి. అంతే పని.

కర్పూరం వెలుగుతోంది. కన్నబాబు ఆ చేతిని చూస్తూ నిలబడ్డాడు. గుప్పిట మూయలేదు. ఆకు అంచు కాలి నల్లబడింది. చెప్పమని పెద్దాయన మళ్ళీ అన్నాడు. చేతి చర్మం కాలే వాసన ముందు వరసలో ఉన్న నాకు తెలిసింది. సీతాలు తమ్ముడి పేరు పిలిచింది, మామూలుగానే, అన్నానికి పిలిచినట్టు. అతను ఆమె వైపు చూడలేదు.

"నానే తోసీసేను," అన్నాడు.

సూర్యకళ ఒక్కతే గుంపుని తోసుకుని ముందుకి వచ్చింది. వాడు తోయలేదు, అది నా కంప్యూటర్లో పుట్టిన బొమ్మ, వాడికి నేనే చూపించాను, వాడి బుర్రలోకి నేనే ఎక్కించాను అని గుండెలు బాదుకుంది. ఎవరో ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగబోయారు. కన్నబాబు వద్దన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆమెతో చాలా మెల్లగా, ఓదార్చినట్టు మాట్లాడాడు.

"నువ్వు అక్కడ నేవు గదక్కా. నాను సూసేను."

కన్నబాబు తోశాడా అని నన్నెవరైనా అడిగితే తోయలేదనే చెబుతాను. ఏ వీడియో రాకముందు అతను చెప్పిన మాటకీ, కెమెరా నిజంగా తీసిన ఆ మూడు బొమ్మలకీ తేడా లేదు. కానీ నన్నెవరూ అడగలేదు. అప్పటికే ఇద్దరు ముగ్గురు అతన్ని చుట్టుముట్టారు. అతను పెనుగులాడలేదు. కాలిన చెయ్యి ముందుకి చాపుకునే నడిచాడు.

సీతాలు ఉన్నచోటే కాసేపు ఉంది. తర్వాత ఇసకలో నడుచుకుంటూ వెళ్ళి, అత్త కుర్చీ పక్కన నిలబడింది.